పేరు కత్తిరించిన నవల

కాలేజీలో తెలుగు చెప్పినన్నాళ్లూ ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న తప్పకుండా ఇచ్చేదాన్ని. ఫలానా నవలకు ఆ పేరు ఎంతవరకు తగింది, కథను బట్టీ ఇతివృత్తాన్ని బట్టీ చర్చించండి అని. పిల్లలకు అదంటే మహా ఇష్టం, ఎందుకంటే నవల చదవకుండానే రాసేయొచ్చు. "ఈ పేరు ఈ నవలకు చక్కగా అతికింది" అని మొదలుపెట్టి, "కావున ఈ పేరు సార్థకమైనది" అని ముగిస్తే, నడుమ ఏం గిలికినా పంతులమ్మ సగం మార్కులు వేస్తుందని వాళ్ల ధీమా. వేసేదాన్ని కూడా. ఒక్క పిల్ల మాత్రం ఒకసారి "ఈ పేరు ఈ నవలకు తగలేదు, ఇది ఆ మనిషి కథ కాదు" అని రాసింది. ఆ జవాబు కాగితం పట్టుకుని స్టాఫ్ రూంలో చాలాసేపు కూర్చున్నాను. పేరు తగకపోతే ఏమవుతుందో నేను తరగతిలో ఎన్నడూ చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఆర్మూర్‌లో మా వసారా గురించి చెప్పాలి, లస్మక్క గురించి చెప్పాలి, నా నోటి దూల గురించి చెప్పాలి. సిలబస్‌లో అంత చోటు ఉండదు.

పోయిన నెల లస్మక్క ఫోను చేసింది. "శారదా, కండ్లు మసక వడ్డయి నాకు. గా పుస్తకం మీ అమ్మదే గదా, వచ్చి తీస్కపోరాదు" అంది. ఏ పుస్తకమని నేను అడగలేదు. మా ఇద్దరి మధ్యా ఉన్న పుస్తకం ఒక్కటే. రిటైరయ్యాక నిజామాబాద్‌లోనే ఉంటున్నాను కాబట్టి మర్నాడే బస్సెక్కాను. మాక్లూర్ దాటాక కిటికీలోంచి ఉడికిన పసుపు వాసన వచ్చింది, దగ్గర్లో ఎక్కడో కళ్లంలో పొయ్యి వెలుగుతున్నట్టుంది. ఆ వాసనకు మామూలుగా నాకు ఆకలి పుడుతుంది. ఆ రోజు మాత్రం కిటికీ మూసేశాను. లస్మక్కకు చెప్పాల్సిన మాట ఒకటి ముప్పై ఏళ్లకు పైగా మోసుకు తిరుగుతున్నాను. పండగకో పబ్బానికో కలిసినప్పుడల్లా నోటిదాకా వచ్చేది, అంతలో ఎవరో చాయ్ తెచ్చేవాళ్లు, నేను చాయ్ తాగేసి వచ్చేసేదాన్ని.

మా ఇల్లు మార్కెట్ యార్డు వెనక సందులో ఉండేది. సందులో మగవాళ్లు యార్డులో పసుపు బస్తాలు మోసేవాళ్లు, లేదంటే గల్ఫ్‌లో ఉండేవాళ్లు. ఆడవాళ్లందరిదీ బీడీల పనే. అమ్మ తెల్లవారుతూనే తునికాకు నానబెట్టి, తడి గోనెపట్టాలో చుట్టి గోడవారగా పెట్టేది. వంట చేసి, గిన్నెలు తోమి, నాన్నకు సద్ది కట్టి పంపేసరికి ఆకు మెత్తబడేది. అప్పుడు రేకు ముక్క ఆకు మీద పెట్టి, కత్తెరతో చుట్టూ కోసి, ముక్కలు దొంతరగా పేర్చేది. మధ్యాహ్నానికి చుట్టుపక్కల నలుగురైదుగురు చాటలు చంకన పెట్టుకుని మా వసారాలోకి చేరేవాళ్లు, అక్కడ గాలి బాగా వస్తుందని. తంబాకు ఘాటు, తడి ఆకు పచ్చి వాసన, పొయ్యి మీద మరుగుతున్న చాయ్ వాసన, పసుపు ఉడకబెట్టే రోజుల్లో వీటన్నింటి మీదా ఊరంతా కమ్మేసే ఆ మట్టి వాసన. కొత్తగా వచ్చినవాళ్లు తుమ్మేవాళ్లు. రాజవ్వ అనే పెద్దామెకు ఎడమవైపు గుంజకు ఆనుకుంటే తప్ప చెయ్యి ఆడేది కాదు. ఆ గుంజ దగ్గర ఇంకెవరైనా కూర్చుంటే నిలబడే తిట్టేది. ఆమె చూడకుండా చుట్టేది. చుట్టిన బీడీని చెవి దగ్గర పెట్టి వేళ్లతో ఒకసారి తిప్పి, చప్పుడును బట్టి గట్టిగా ఉందో వదులుగా ఉందో చెప్పేది.

నేను చుట్టిన బీడీని చెవిదాకా కూడా తీసుకుపోయేది కాదు. పదో తరగతిలో లెక్కలు తప్పి ఇంట్లో కూర్చున్న ఏడు అది. అమ్మ నా ఒళ్లో కూడా ఒక చాట పెట్టింది. నా బీడీలు కొన్ని గర్భిణిలా ఉండేవి, కొన్ని దారం కట్టగానే నడుం విరిగేవి. కంపెనీ గుమాస్తా మా కట్టల్లోంచి నావి ఏరి పక్కన పారేసేవాడు, వాటితోపాటు అమ్మవి నాలుగు మంచివీ పోయేవి. అమ్మ ఏమీ అనేది కాదు, ఆ ఏమీ అనకపోవడమే కష్టంగా ఉండేది. చివరికి రాజవ్వ తీర్పు చెప్పింది. "గీ పోరి చేతుల పడ్డ ఆకు ఆగమైతుంది. పిల్లా, నువ్వు చుట్టకు, సదువు. మంచిగ గొంతున్నది నీకు. నీ వంతు మేం చుడ్తం." అంతటితో ఆచారమైపోయింది. నేను చదువుతుంటే వాళ్లు చుట్టేవాళ్లు. పొద్దు గుంకే వేళకు లేచేటప్పుడు ఒక్కొక్కరూ తమ దాంట్లోంచి ఒక కట్ట తీసి నా చాటలో వేసి పోయేవాళ్లు. పరీక్ష తప్పిన పిల్లను, పని రాని పిల్లను, నోటితో సంపాదించడం మొదలుపెట్టాను. ఆ గీర ఎంతగా ఎక్కిందంటే, చదవడానికి ముందు నీళ్లు తాగి గొంతు సవరించుకునేదాన్ని, ఎవరైనా దగ్గితే ఆగి చూసేదాన్ని.

చదివింది ఒక్కటే పుస్తకం. సందు చివర అద్దెకుండే హైస్కూలు సారు భార్య వారపత్రికలో సీరియల్ పేజీలు చింపి దాచి, దబ్బనంతో కుట్టి నవలగా చేసుకుంది. బదిలీ అయి పోతూ అమ్మకు ఇచ్చింది. ఆమె చిన్న కూతురికి బొమ్మలు కత్తిరించి అట్టల మీద అంటించే పిచ్చి. ఆ పత్రికలో ప్రతివారం నవల పేరూ, రాసినామె పేరూ, బొమ్మా కలిపి ఒకే గడిలో వేసేవాళ్లట. ఆ పిల్ల ఒక్క వారం కూడా వదలకుండా ఆ గడులన్నీ శుభ్రంగా కోసుకుపోయింది. అంచేత పుస్తకానికి పేరు లేదు, రాసినామె పేరు లేదు, ప్రతి పన్నెండు పేజీలకూ పైన చదరంగా ఒక కిటికీ ఉంది. కిటికీలోంచి చూస్తే అవతలి పేజీ కనిపించేది. కాగితం తిప్పితే వెనకవైపు ఎనిమిదో పదో వరుసలు మాయమై ఉండేవి.

ఆ మాయమైన వరుసల దగ్గరే నేను పాడయ్యాను. మొదటిసారి కిటికీ వచ్చినప్పుడు "ఇక్కడ చిరిగింది" అని చెబితే అందరూ ఉసూరుమన్నారు. రెండోసారి చెప్పలేదు, కల్పించేశాను. ఒకచోట కథలో సుమతి అత్తగారు జ్వరంతో మూలుగుతూ ఉంది, కిటికీ దాటాక చూస్తే ఆవిడ పెళ్లికి పోయి వచ్చి విస్తట్లో ఏమేం వడ్డించారో చెబుతోంది. నడుమ పోయిన వరుసల్లో ఆవిడకు జ్వరం నేనే తగ్గించాను. డాక్టరును నేనే పిలిపించాను, ఆయనకు మీసాలు కూడా పెట్టాను. ఎవరూ పట్టుకోలేదు. రాజవ్వ అయితే "గా మీసాల డాక్టర్ మల్ల రాలేదేందే" అని చాలా రోజులు అడిగింది. ఇక నాకు పట్టపగ్గాలు లేవు.

కథ ఇదీ. సముద్రపు ఒడ్డున ఏదో ఊళ్లో సుమతి అనే ఇల్లాలు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త ఓడెక్కి పరాయి దేశం పోతాడు. కొన్నాళ్లు ఉత్తరాలు వస్తాయి, తర్వాత రావు. సుమతి వీధిగదిలో చిన్న దుకాణం పెట్టుకుంటుంది. గుండీలు, దారాలు, గాజులు. తెల్లారి దుకాణం తలుపు పలకలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించడం, తెగిన గుండీకి జోడీ కావాలని ఒక ముసలాయన వస్తే డబ్బా అంతా చాప మీద బోర్లించి వెతకడం, మొదటి కొన్నాళ్లు ఖాతాదారు వస్తే లేచి నిలబడి తర్వాత కూర్చునే మాట్లాడటం నేర్చుకోవడం, ఇలాంటివి రాసినామె పేజీలకు పేజీలు రాసింది. మా వసారాలో వాళ్లకు సముద్రం తెలియదు, ఆ భాష వింత. "ఏమండీ అంటది సూడు" అని నవ్వుకునేవాళ్లు. కానీ మొగుడు పరదేశంలో ఉండి ఉత్తరం రాకపోవడం తెలుసు. ఆ మాట వచ్చినప్పుడు నవ్వు ఆగేది. అందరి చూపూ ఒకసారి లస్మక్క మీదికి పోయి వచ్చేది.

లస్మక్క మా పక్కింటిది. అప్పటికి ముప్పై నిండలేదేమో. మాట తక్కువ, నవ్వితే పైపన్ను మీద పన్ను కనిపించేది. భర్త పోశెట్టి గల్ఫ్ పోయి ఆరేళ్లు, ఉత్తరాలు ఆగి నాలుగేళ్లు. అక్కడ పనిచేసి వచ్చినవాళ్లు ఒకరు ఒక మాట చెప్పారు, ఇంకొకరు ఇంకో మాట చెప్పారు, ఎవరూ చూశామని చెప్పలేదు. పిల్లలు లేరు. ఆమె అన్న నర్సయ్య ఆ ఏడు పసుపు తవ్వకాలప్పుడు ఒక సంబంధం తెచ్చాడు. భీమ్‌గల్ బస్టాండు దగ్గర సైకిల్ షాపు నడుపుకునే మనిషి, భార్య చనిపోయింది, ఒక చిన్న కూతురు. మారుమనువు మా కులాల్లో కొత్త కాదు. కులపెద్దలు ఒప్పుకున్నారు. లస్మక్క అవును కాదు చెప్పడమే మిగిలింది. నర్సయ్య గడువు పెట్టాడు, పసుపు మార్కెట్‌కు వేసేలోపు చెప్పాలని.

ఆ భీమ్‌గల్ ఆయన ఒకసారి నర్సయ్యతో కలిసి వచ్చాడు. నర్సయ్య యార్డులోకి పోయి తిరిగి వచ్చేదాకా ఆయన్ను మా గడపలో కూర్చోబెట్టాం. నూనె మరకల చొక్కా, గోళ్ల సందుల్లో నలుపు, పెద్దగా మాట్లాడని మనిషి. నేను చదువుతున్నాను, అప్పుడు దుకాణం భాగమే నడుస్తోంది. గుండీల డబ్బా బోర్లించిన చోట ఆయన ఒక్కడే గట్టిగా నవ్వి, అందరూ చూసేసరికి సిగ్గుపడి తల దించుకున్నాడు. "మా షాపుల గూడ గట్లనే, ఒక్క నట్టు కోసం డబ్బంత బోర్లేస్త" అన్నాడు. పది రోజుల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు చెప్పులు విప్పుతూనే నన్ను అడిగాడు. "ఏం బిడ్డా, సుమతమ్మ దుకాణం ఎట్ల నడుస్తున్నది?" మిగతావాళ్లంతా రోజూ నన్ను అడిగేది "మొగడు వచ్చిండా?" అని. దుకాణం ఎలా నడుస్తోందని అడిగింది ఆయన ఒక్కడే. నాకు అప్పుడు అదొక వెర్రి ప్రశ్నలా తోచింది. లస్మక్క మాత్రం చుట్టే బీడీ చేతిలోనే పట్టుకుని ఆయన వైపు చూసింది. ఆ వారంలోనే నన్ను పిలిచి, భీమ్‌గల్‌కు బస్సులు ఏ ఏ వేళల్లో ఉన్నాయో బస్టాండులో రాసి ఉంటుంది, చదివి చెప్పమంది. పెట్టెలోంచి ఒక ఆకుపచ్చ చీర తీసి ఎండలో ఆరేసింది. చదవడం వచ్చిన దాన్నని అంత గీర నాకు, ఇవేవీ చదువుకోలేకపోయాను.

నర్సయ్య జవాబు కోసం వచ్చే ముందురోజు మధ్యాహ్నం లస్మక్క ఉన్నట్టుండి అడిగింది. "శారదా, ఇన్నొద్దుల సంది ఇంటున్నం గదా, గీ పుస్తకం పేరేంది?"

కత్తెర్లన్నీ ఆగాయి. నిజమే, ఎవరూ అడగలేదు అన్నాళ్లూ. పేరు లేదు, కోసుకుపోయారు అని చెబితే సరిపోయేది. కానీ చదివే పిల్లకు చదివే పుస్తకం పేరు తెలియకపోవడమా? కిటికీలన్నీ నింపుకుంటూ వచ్చిన నాకు అదొక లెక్కా? గొంతు సవరించుకుని "వచ్చేదాకా" అన్నాను. అన్నాక నాకే ఎంతో నచ్చింది. ఎంత అందమైన పేరు, ఎంత పత్రికల పేరులా ఉంది అనుకున్నాను.

రాజవ్వ చాట మీద చరిచింది. "ఇగ ఏందే లస్మీ! పుస్తకమే చెప్తున్నది గదా. వచ్చేదాకా అన్నరంటే వస్తడన్నట్టే. ఊకె పేరు పెడ్తరా?" తక్కినవాళ్లు కూడా అవునంటే అవునన్నారు. అందరూ లస్మక్క వైపు తిరిగి చూశారు, పెళ్లికూతుర్ని చూసినట్టు, ప్రేమగానే. అమ్మ కూడా చూసింది. లస్మక్క తల వంచుకుని చేతిలో బీడీకి దారం కట్టింది, కట్టిన దాని మీదే మళ్లీ కట్టింది. మర్నాడు నర్సయ్య వస్తే "నేను రాను అన్నా" అంది. ఆయన చాలాసేపు నచ్చజెప్పి, అరిచి, ఏడ్చి వెళ్లిపోయాడు. భీమ్‌గల్ ఆయనకు ఎండాకాలంలో కమ్మర్‌పల్లి పిల్లతో అయిపోయింది. వసారాలో అందరూ లస్మక్కను మెచ్చుకున్నారు. నేనయితే ఒక మనిషి జీవితాన్ని నిలబెట్టానని పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

పేరు తెలిశాక పుస్తకం మారిపోయింది. పేజీలు అవే, వినేవాళ్లు అవే. కానీ ఇప్పుడు అందరికీ ఎక్కడ చూడాలో తెలిసిపోయింది. దుకాణం వచ్చినప్పుడల్లా రాజవ్వ "గవి జర జల్ది సదువు" అనేది. పోస్టుమాన్ వీధిలోకి వస్తే చాలు, అందరూ ముందుకు జరిగేవాళ్లు. నేను కూడా వాళ్ల మనసెరిగి, సుమతి రంగు డబ్బా తెచ్చి దుకాణం పలకలకు తనే రంగు వేసుకున్న అధ్యాయం మొత్తం ఎగరగొట్టేశాను. నవల సగం ఆ దుకాణమే అయినా మాకది బస్సు కోసం నిలబడ్డ చోటులా అయింది.

చివరి భాగం చదివిన రోజు మాడ్చే ఎండ. మొగుడు రానే వచ్చాడు, నేను పెట్టిన పేరు అబద్ధం కాలేదు. సాయంత్రం సుమతి దుకాణం పలకలు బిగిస్తుంటే వెనకనుంచి ఎవరో మనిషి అలికిడి. తిరిగి చూడకుండానే "దుకాణం కట్టేశాం, పొద్దున్నే రండి" అంటుంది. అప్పుడు తిరిగి చూస్తుంది. భర్త. ఆమె అతన్ని గుర్తుపడుతుంది, చివరి పలక బిగిస్తుంది, "పొద్దున్నే రండి" అని మళ్లీ అంటుంది. అంతే, అయిపోయింది. వసారాలో ఒక్కసారిగా అందరూ నా మీద పడ్డారు. "అయిపోవుడేంది? ఇంట్లకు రానియ్యదా?" "గట్ల రాస్తరా ఎవలన్న?" రాజవ్వ సుమతిని తిట్టింది, రాసినామెను తిట్టింది, పేజీలు పోగొట్టానని నన్ను తిట్టింది. అందరూ లేచి పోయాక, లస్మక్క నా చాటలో తన కట్ట వేస్తూ నెమ్మదిగా అడిగింది. "గా పేరు ఎవలు పెట్టిండ్రు శారదా?"

"రాసినామె" అన్నాను. అదీ నా రెండో అబద్ధం. మొదటిది గీరతో ఆడాను, దీన్ని భయంతో ఆడాను.

తర్వాత లెక్కలు గట్టెక్కాను, నిజామాబాద్‌లో చదివాను, పాఠాలు చెప్పాను, కథలు రాశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పాత గ్రంథాలయంలో ఏదో వెతుకుతుంటే ఆ వారపత్రిక సంపుటాలు కనిపించాయి. దుమ్ము దులిపి తిప్పుతుంటే ఒక గడి, గడిలో బొమ్మ. పలకల ముందు నిలబడ్డ ఆడమనిషి, చేతిలో తాళంచెవి. పక్కన పేరు: సుమతి దుకాణం. అక్కడే నిలబడి, మా వసారాలో నేను ఎగరగొట్టిన రంగు డబ్బా అధ్యాయం చదివాను. నవల మొత్తంలో అంత మంచి అధ్యాయం ఇంకొకటి లేదు. తనకు నచ్చిన రంగు ఏదో సుమతికి మొదటిసారి తెలిసింది ఆ పూటే. మొగుడు రావడం కథలో ఒక సంఘటన, చివరి పేజీలో సంఘటన. రాసినామె చెప్పదలుచుకున్నది మాత్రం ఆ గదీ, ఆ గుండీలూ, నిలబడి మాట్లాడే మనిషి కూర్చుని మాట్లాడటం నేర్చుకోవడం. పేరు పెట్టి మరీ చెప్పింది. నేను సంఘటనను తీసి నెత్తిన పెట్టుకుని కథను కింద పడేశాను. ఆ రెండు మాటలు చూడగానే నాకు నూనె మరకల చొక్కా గుర్తొచ్చింది. పేరు చెప్పకుండానే పేరు తెలిసినవాడు మా గడపలో చెప్పులు విప్పాడు.

లస్మక్క ఇల్లు అదే సందులో ఉంది, పెంకులు పోయి స్లాబు వచ్చింది. మా వసారా ఉన్నచోట ఎవరివో రెండు మోటారు సైకిళ్లు పెట్టుకున్నారు. రాజవ్వ పోయి చాలా కాలమైంది, ఆమె గుంజ కూడా లేదు. లోపల టీవీలో ఏదో సీరియల్ నడుస్తోంది, దాని పేరు తెర మీద మూలన ఎప్పుడూ ఉంటుంది, ఎవరూ అడగక్కర్లేదు, ఎవరూ ఆగి వినడమూ లేదు. లస్మక్క డెబ్బైకి దగ్గరపడింది. కళ్లు మసకేసినా ఒళ్లో చాట ఉంది, వేళ్లకు కళ్లతో పనిలేదు. పోశెట్టి గోడ మీద ఫోటోలో ఉన్నాడు. నేను ఊరు వదిలిన మూడేళ్లకు అతను తిరిగి వచ్చాడు. కాగితాలు లేక అక్కడ జైల్లో పడి, సిగ్గుతో ఉత్తరం రాయలేదట. వచ్చాక తొమ్మిదేళ్లు బతికాడు, అందులో సగం మంచంలో. "మంచోడే పాపం. దారం తెంపి ఇచ్చేటోడు" అంది ఫోటో వైపు చూసి.

పుస్తకం గూట్లోంచి తీసి నా ఒళ్లో పెట్టింది. కంపెనీ లేబుల్ కాగితాలతో అట్ట వేసి ఉంది. అంచుల నిండా పసుపు వేళ్ల ముద్రలు, తంబాకు మరకలు. సందులోకి అక్షరాస్యత సెంటరు వచ్చినప్పుడు చదువు నేర్చుకుందట, నేర్చుకున్నాక మా అమ్మను అడిగి ఈ పుస్తకమే తెచ్చుకుందట. "ముందుగాల పేరు కోసమే ఎతికిన. పేరుండాల్సిన కాడల్ల కిటికీలే ఉన్నయి. గప్పుడు ఎర్కైంది, గది నువ్వు పెట్టిన పేరని."

నేను మోసుకొచ్చిన మాట ఆమె నోటినుంచే వచ్చింది. ఏడుపు ఆగలేదు. అబద్ధం ఆడాను లస్మక్కా, రెండుసార్లు ఆడాను, నాకు నువ్వు ఎదురుచూడాలనే అనిపించింది, నీకేమనిపిస్తుందో అడగలేదు అని ఏదేదో అన్నాను.

"నేను ఒప్పుకుందామనే ఉంటి" అంది. "మా అన్నకు చెప్దామని నోట్లె పెట్టుకున్న. పుస్తకం పేరు ఊకె అడిగిన, ఏదో ఒకటి మాట్లాడాలె గదా అని. నువ్వు గా పేరన్నంక అందరు నా దిక్కు చూసిండ్రు. గంత మంది గట్ల చూస్తుంటె, పోత అని ఎట్లంట చెప్పు." చాట పక్కకు జరిపి "కోపమొచ్చింది మల్ల. పేరు నీదే అని ఎర్కైనప్పుడు రెండొద్దులు బువ్వ తినబుద్ధి గాలే. అటెన్క అనుకున్న, పదారేండ్ల పోరి, దానికేమెర్క అని."

అట్ట లోపలివైపు చూడమంది. అక్కడ వంకరటింకర అక్షరాలతో వరసగా పేర్లు. చదవడం వచ్చాక ఆమె తన వసారాలో ఈ నవల ఎన్నోసార్లు చదివిందట, కొత్త కోడళ్లకు, వాళ్ల తర్వాత వచ్చిన కోడళ్లకు. ఎవరు పేరడిగినా చెప్పేది కాదు. మొత్తం విన్నాక మీరే పెట్టండి అనేది, వాళ్లు పెట్టింది రాసుకునేది. పొద్దుగాల రాండ్రి. గుండీల డబ్బ. సుమతవ్వ. ఎవలి బతుకు వాళ్లది. రాజవ్వ పెట్టింది కూడా ఉంది, బుద్ధిలేని మొగడు. అన్నింటికీ పైన, మొట్టమొదట, వచ్చేదాకా అని, దాని పక్కన నా పేరు. కొట్టేయలేదు. "నడుమల పేరు పెడ్తె మంది దాని ఎంబడి పోతరు. అయినంకనే పెట్టాలె" అంది.

అప్పుడు చెప్పాను అసలు పేరు నాకు దొరికిందని. ఏంటని అడగలేదు. పెన్ను చేతికిచ్చి "గదిగూడ రాయి కింద. పెద్దగ రాయి, నాకు కనవడాలె" అంది. రాశాను. ఆమె అట్టను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, వేలు ఆనించి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. సుమతి. దుకాణం. వేలు అక్కడే ఆగింది.

"గాయన గిదే గదా అడిగింది" అంది. "ఎట్ల నడుస్తున్నదని."

నేను తల ఊపాను. ఆమెకు కనిపించిందో లేదో.

"గప్పుడు గీ పేరు ఎర్కుంటె నేను భీమ్‌గల్ పోతుంటి శారదా."

కోపంగా అనలేదు, నిష్ఠూరంగానూ అనలేదు. బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పి, చాట ఒళ్లోకి లాక్కుంది. క్షమించమని అడగడానికి కూడా నోరు పెగల్లేదు, ఆ నోటికి అంతకంటే శిక్ష లేదు. ఆమె ఒక ఆకు ముక్క తీసి వేళ్లతో తడిమి, తంబాకు పరిచి, "ఏడ్వకు. సదువు మల్ల" అంది. "రంగు డబ్బ కాడికెల్లి సదువు. గప్పుడు నువ్వు ఇడిసిపెట్టినవ్ గది. కిటికీ వచ్చిన కాడ ఆగు. ఏం కలపకు."

నీళ్లు తాగలేదు, గొంతు సవరించుకోలేదు. చదవడం మొదలుపెట్టాను. నాలుగో పేజీలో కిటికీ వచ్చింది, ఆగాను. ఆమె చేతులు కూడా ఆగాయి. గ్రంథాలయంలో చదివిన ఆ వరుసలు ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. అయినా ఊరుకున్నాను. కొంచెం సేపయ్యాక ఆమె "ఊఁ" అంది, కాగితం తిప్పాను.